నాలుగో అంగుళం

మొన్న ఆదివారం పొద్దున మా పాత కంపెనీవాళ్ళ ఫోను గ్రూపులో ఒక వార్త వచ్చింది. "మన మామూ రాయచోటిలో పోయినాడంట. గుండెపోటు." కింద వరసగా దణ్ణాల బొమ్మలు. మధ్యలో ఎవరో అడిగారు, ఏ మామూ అని. ఇంకెవరో జవాబిచ్చారు: "అదే, ప్రెస్సు కేసు. రిజిస్టర్లో తప్పు రాసి ఒకాయన వేళ్ళు పోగొట్టినాడే, ఆయన." దాని కింద కూడా నాలుగు దణ్ణాలు పడ్డాయి.

తప్పు రాసింది ఆయన కాదు. నేను.

ఈ మాట అప్పుడే, విచారణ జరిగిన గదిలోనే, ఆయన ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి నా చేతిమీదుగా కాగితం ఎక్కి ఆ పేరు పాడైంది. షెడ్డులో అందరూ పిలిచినట్టే మామూ అంటాను.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో మా ఫ్యాక్టరీ. పెద్ద భవనాల్లో ఏసీ గాలి పోయే రేకు గొట్టాలు చేసేవాళ్ళం. నేను తెనాలి నుంచి బీకామ్ పట్టా పట్టుకుని వెళ్ళి అక్కడ కాగితాల గుమాస్తాగా చేరాను. రెండువేల నాలుగు చివర్లో. మామూ రేకుల షెడ్డులో చార్జ్‌హ్యాండ్, అంటే తన షిఫ్టులో నాలుగు మిషన్లకీ వాటి మీద పనిచేసేవాళ్ళకీ పెద్ద. యాభై దాటిన మనిషి. పొట్టి. గడ్డానికి గోరింటాకు. చదువు ఆరో తరగతి. చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు ఉండేది. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పటిదో దెబ్బకి నల్లబడి, మందంగా, బెరడులా ఉండేది. ఏది కొలిచినా ఆ గోటిని స్కేలు మీద ఆనించి, "ఇంత" అనేవాడు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. షిఫ్టు దిగే చార్జ్‌హ్యాండ్ ఒక్కో మిషను గురించి ఒక్కో వాక్యం ఇంగ్లీషులో రిజిస్టర్లో రాసి వెళ్ళాలి. దిగేవాళ్ళకీ ఎక్కేవాళ్ళకీ మాట్లాడుకునే వీలు లేదు. కొత్త షిఫ్టుని దించిన బస్సే పాత షిఫ్టుని ఎక్కించుకుపోతుంది. డ్రైవరు ఇంజను ఆపకుండా "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ హారన్ కొడుతూనే ఉంటాడు. కాబట్టి ఏ మిషను ఎలా ఉందో తర్వాతివాడికి చెప్పేది ఆ వాక్యమే. ప్రతి గురువారం నేను ఆ వారం చేతిరాతని కంప్యూటర్‌లో ఎక్కించి, సాపు ప్రతి తీసి, దాని మీద చార్జ్‌హ్యాండ్ సంతకం పెట్టించి ఫైల్లో ఉంచాలి.

మిగతా చార్జ్‌హ్యాండ్‌లు "మిషన్ ఓకే" అని రాసి బస్సెక్కేవాళ్ళు. మామూ అలా కాదు. నేను చేరిన రెండోవారం నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా సారూ, బీకామ్ అంటనే నువ్వు. యూజువల్లీకి, ఆఫెన్‌కి తేడా ఎంత?"

"రెండూ దాదాపు ఒకటే మామూ. ఒకటి మామూలుగా, ఇంకోటి తరచుగా."

"దాదాపు అంటే? దాదాపు కోస్తే రేకు అతకదప్పా. కొలత చెప్పు."

నవ్వాను. ఆయన నవ్వలేదు. అర్థం చెప్పమని కాదు ఆయన అడిగింది. రోజుకి పది సార్లు జరగాల్సిన పని ఎన్ని సార్లు జరిగితే ఏ మాట వాడాలి అని. ఇలాంటి ప్రశ్న నన్ను ఏ మాస్టారూ అడగలేదు. ఆలోచించి, పదికి ఎనిమిదైతే యూజువల్లీ, ఆరేడైతే ఆఫెన్, మూడు నాలుగైతే సమ్‌టైమ్స్, ఒకటీ అరా అయితే రేర్లీ అన్నాను. నేను అప్పటికప్పుడు కల్పించిన లెక్క అది. ఆయన మాత్రం దాన్ని తీసుకుపోయాడు.

మర్నాడు స్కేలు తెచ్చి చూపించాడు. రేకు మీద గీతలు గీసే సూదితో దాని వీపు మీద తెలుగక్షరాలు చెక్కాడు. మొదట్లో నెవర్. ఒకటో అంగుళం దగ్గర రేర్లీ. రెండున్నర దగ్గర సమ్‌టైమ్స్. నాలుగు దగ్గర ఆఫెన్. ఐదు దగ్గర యూజువల్లీ. చివర ఆరు దగ్గర ఆల్వేస్. కింది అంచున ఇంకో వరస, కాలానికి. నౌ, ఎట్ వన్స్, లేటర్. వాటి మధ్యలో సూన్ అని చెక్కి, గీత మాత్రం పెట్టకుండా వదిలేశాడు.

"దీనికి గీత ఏది మామూ?"

"ఆ మాటకి ఈ కంపెనీలో కొలత ల్యాదు. మనముండే క్యాంపులో నీళ్ళ కూలర్ మీద 'సూన్ రిపేర్' అని కాగితం అంటించి రంజాన్ వచ్చిపోయ. అది నయమైనంక గీస్తా."

నేనక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ గీత పడలేదు.

బస్సు రోజూ ఆలస్యమని అందరం తిట్టేవాళ్ళం. మామూ ఒప్పుకునేవాడు కాదు. షెడ్డు స్తంభం మీద సుద్దముక్కతో ఆలస్యమైన రోజు అడ్డగీత, కానిరోజు నిలువుగీత పెట్టుకుంటూ పోయాడు. రెండువారాల తర్వాత వచ్చి, "పదికి ఏడు. ఆఫెన్ దాటె, యూజువల్లీ తగల్లా. ఆల్వేస్ అని ఆ డ్రైవర్‌ని తిట్టేది అన్యాయం గదప్పా," అన్నాడు. ఆ డ్రైవరుకి ఈ సంగతి చెబితే ఆయనకేమీ అర్థం కాలేదు. హారన్ కొట్టాడు.

ఒక శుక్రవారం నమాజు తర్వాత నన్ను వెంటబెట్టుకుని నైఫ్ బజారుకి వెళ్ళాడు, అలారం గడియారం కొనాలని. కొట్టువాడు గడియారం చేతిలో పెట్టి, "చాచా, హమేషా సహీ టైమ్ దేగా," అన్నాడు. మామూ గడియారం వెనక్కి పెట్టేశాడు.

"హమేషా మత్ బోలో భాయ్. అక్సర్ బోలో, లే లేతా హూఁ."

ఎప్పుడూ సరైన టైమే చూపిస్తుందనకు, తరచుగా చూపిస్తుందను, కొంటానని. కొట్టువాడు నోరు తెరిచి నా వంక చూశాడు. ధర తగ్గించమని వేధించేవాళ్ళు వాడికి రోజుకి వందమంది తగులుతారు. మాట తగ్గించమని అడిగినవాడు ఈయనొక్కడే అయ్యుంటాడు. చివరికి "అక్సర్, చాచా, అక్సర్" అని దణ్ణం పెట్టి కట్టి ఇచ్చాడు. తిరుగు బస్సులో ఆ గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మామూని నేనడిగాను, ఇంగ్లీషు రాని మనిషికి ఈ యాతన ఎందుకు, అందరిలాగే ఓకే అని రాసి పోవచ్చు కదా అని.

"నేను రాసేది నా కోసరమా?" అన్నాడు. "నా తర్వాత వచ్చేటోడు నా మొగం చూసేదిల్యా. ఆ రాత చూసే మిషన్లో చెయ్యి పెట్టేది. నేను ఎక్కువ రాస్తే పని ఆగుతాది. తక్కువ రాస్తే చెయ్యి పోతాది. సరిగ్గా రాయల్లప్పా. రేకుకొక కొలత, మాటకొక కొలతా?"

ఆ మాట నేను విన్నాను. వినలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

మూడో నంబరు ప్రెస్సు గొట్టాల మూలల్లో బిగించే ఇనుప ముక్కలు కొట్టేది. కాలితో పెడల్ ఒకసారి తొక్కితే పైనున్న బరువు ఒక్కసారే దిగాలి. అది దిగి లేచాక చెయ్యి పెట్టి ముక్కని తియ్యాలి. రెండువేల ఆరు వేసవిలో ఆ ప్రెస్సుకి ఒక రోగం పట్టుకుంది. ఒక్కోసారి తొక్కకుండానే తనంతట తను రెండోసారి దిగేది. చెయ్యి లోపల ఉంటే ఇక చెప్పేదేముంది. మామూ తనవాళ్ళ చేతికి పొడుగు పట్టకారు ఇచ్చి, చెయ్యి పెట్టినవాణ్ణి షెడ్డులోంచి తరిమేస్తానని చెప్పాడు. తర్వాత ఎప్పటిలాగే స్తంభం మీద సుద్దగీతలు మొదలుపెట్టాడు. ప్రెస్సు రెండోసారి దిగిన రోజు అడ్డగీత.

మొదటివారం నా దగ్గరికొచ్చాడు. "సమ్‌టైమ్స్ రాయల్లనా, ఆఫెన్ రాయల్లనా? నడిమధ్య ఉండాది."

"అనుమానముంటే పెద్దదే రాయండి మామూ."

"అనుమానముంటే ఇంకోవారం చూడల్ల," అన్నాడు. చూశాడు. పది పనిదినాల్లో ఏడు రోజులు. అప్పుడు వచ్చి, నా బల్ల మీదే వంగి, ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు. మూడో ప్రెస్సు తరచుగా రెండు దెబ్బలు కొడుతోంది, చెయ్యి పెట్టవద్దు, మిషను ఆపి బాగుచెయ్యాలి అని. ఇంగ్లీషు ఆఫెన్‌ని అన్నీ పెద్దక్షరాలతో రాసి, కింద స్కేలు పెట్టి గీత కొట్టాడు. అది బుధవారం.

గురువారం మధ్యాహ్నం మా ముదీర్ ఆ రిజిస్టరు చూశాడు. ముదీర్ అంటే ఫ్యాక్టరీ మేనేజరు. శనివారం మధ్యాహ్నం కొనుగోలుదారు తరఫున తనిఖీవాళ్ళు వస్తున్నారు. ప్రతి మిషను దగ్గరా దాని రికార్డు ప్లాస్టిక్ కవర్లో వేలాడదీసి ఉంచాలని వాళ్ళు ముందే చెప్పారు. ముదీర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఆఫెన్ లిఖేగా తో మెషీన్ బంద్. ఆర్డర్ ఖలాస్. రేర్లీ లిఖ్ దో. ఏక్ హీ తో లఫ్జ్ హై."

తరచుగా అని రాస్తే మిషను ఆపిస్తారు, ఆర్డరు పోతుంది, అరుదుగా అని రాయి, మార్చేది ఒక్క మాటే కదా అని. చెయ్యి పెట్టవద్దు, ఆపాలి అన్నవి కూడా తీసేయమన్నాడు. మెకానిక్‌ని పిలిపిస్తున్నాం, వస్తాడు, "సూన్" అన్నాడు. నా భార్యని తెచ్చుకోవడానికి ఫ్యామిలీ వీసా కాగితాలు ఆయన సంతకం కోసం అదే బల్ల మీద పదిరోజులుగా ఉన్నాయి. ఆయన వాటి గురించి ఒక్క మాట అనలేదు. అంటే బెదిరించాడని ఇవాళ చెప్పుకునేవాణ్ణి. ఆయన వాటి వంక చూడనైనా లేదు. చూసింది నేను.

రేర్లీ అని కొట్టాను. ఆరక్షరాల మాట. తనిఖీకి కొత్త పుస్తకం ఉంటే బాగుంటుందని పాత రిజిస్టరు అడిగితే, ముదీర్ చేతికి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. దాన్ని మళ్ళీ చూడలేదు.

సంతకానికి మామూని పట్టుకునేసరికి బస్సు హారన్ కొడుతోంది. నాలుగు కాగితాలు. వేలు పెట్టి చూపించాను, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. చదువుతాడేమో అని భయం వేసింది. ఆయన నిలబడే నాలుగూ గబగబా పెట్టేశాడు.

"చదవరా మామూ?" అన్నాను. అలా ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. చదువుతానంటే ఏం చేసేవాణ్ణో కూడా తెలియదు.

"నువ్వు కొట్టింది చదివేదేందప్పా," అని పరిగెత్తాడు.

బస్సుని కొలిచాడు. గడియారాన్ని కొలిచాడు. ప్రెస్సుని కొలిచాడు. నా మీద మాత్రం స్కేలు పెట్టలేదు.

శనివారం నుంచి షిఫ్టులు మారాయి. మామూకి మధ్యాహ్నం, వేరే జట్టుకి పొద్దున. ఆ పొద్దున జట్టులో మూడో ప్రెస్సుకి గంగారాం అనే కొత్త మనిషిని వేశారు. మెట్‌పల్లి దగ్గరివాడు, నలభై ఏళ్ళుంటాయి, వేరే యూనిట్ నుంచి రెండురోజుల కిందటే మా దగ్గరికి పంపారు. ఉండేది వేరే క్యాంపులో. మామూని అతనింకా చూడనైనా లేదు. ఆరున్నరకి నేను ప్రెస్సుకి కాగితం వేలాడదీస్తుంటే టీ కప్పు పట్టుకుని నా పక్కకొచ్చాడు. పదో తరగతిదాకా చదివినవాడు. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు.

"సార్, డబల్ స్ట్రోక్ అంటే తెల్సు. గీ రేర్లీ అంటే ఏంది?"

అప్పుడు కూడా టైముంది. మిషనింకా చల్లగానే ఉంది. స్తంభం మీద మామూ సుద్దగీతలు నాకు ఎదురుగానే కనిపిస్తున్నాయి.

"ఎప్పుడో ఒకసారి," అన్నాను. "పండక్కో పబ్బానికో."

"గట్లనా. మంచిగనే ఉన్నది మరి," అన్నాడు. టీ తాగేసి కప్పు మడిచి డబ్బాలో వేశాడు.

పదింటికి షెడ్డులోంచి కేక వినిపించింది. నేను కిందికి వెళ్ళలేదు. కిటికీలోంచి చూశాను. నలుగురు మోసుకుంటూ బయటికి తెచ్చారు. కుడిచేతికి ఎవరిదో చొక్కా చుట్టి ఉంది. తర్వాత తెలిసింది, చూపుడువేలు, నడిమివేలు పూర్తిగా, ఉంగరంవేలు సగం. పట్టకారు పక్కనే బల్ల మీద ఉందట. ఎప్పుడో ఒకసారి జరిగేదానికి ఎవరు వాడతారు?

సోమవారం కంపెనీ విచారణ పెట్టింది. ఒక పొడుగు బల్ల, అవతల ముగ్గురు, వాళ్ళ పక్కన ముదీర్. ఇవతల మామూ, కాగితాలు అందించడానికి నేను. టైపు కొట్టిన ప్రతిని మామూ ముందుకు తోశారు. ఇది నీ సంతకమేనా? అవునన్నాడు. అప్పుడు చదివాడు. చదవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఒకే మాట దగ్గర బొటనవేలు ఆగిపోయింది.

"ఐ రైట్ ఆఫెన్," అన్నాడు. "ఐ కౌంట్. టెన్ డే, సెవెన్ డే. నాట్ దిస్."

చేతిరాత రిజిస్టరు ఏదన్నారు. నిండిపోతే పాతవి పారేస్తామన్నాడు ముదీర్. సుద్దగీతలున్నాయన్నాడు మామూ. ఆదివారమే షెడ్డు కడిగించారు. అప్పుడాయన నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో భయం లేదు. చిక్కు విడిపోయినవాడి ముఖం అది.

"సారు కొట్టినాడు గదా. సారుకు తెలుసు. చెప్పప్పా సారూ, నేను ఏం రాసినానో."

అవతల మధ్యలో కూర్చున్నతను నన్ను అడిగాడు, చేతిరాతలో ఏ మాట ఉందని. ఆ ఉదయమే నా వీసా కాగితాలు సంతకమై నా బల్ల మీదకి వచ్చాయి.

నేను ఇంగ్లీషులో జవాబు చెప్పాను. బహుశా రేర్లీ అనే ఉండి ఉండాలి, ఉన్నదున్నట్టే సాధారణంగా ఎక్కిస్తాను అన్నాను. ఆ బహుశా, ఆ సాధారణంగా నేను దాక్కోవడానికి తెచ్చుకున్నవి. రేపు ఎవరైనా నిలదీస్తే బహుశా అన్నాను కదా అనొచ్చు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో అలాంటి మాటల కొలత తెలిసినవాడు నేను కాక ఇంకొక్కడే. నేను నేర్పినవాడు.

మామూ జేబులోంచి స్కేలు తీశాడు. వీపు పైకి ఉండేలా బల్ల మీద పెట్టాడు. నల్లటి గోరుని నాలుగో అంగుళం మీద ఆనించాడు. ఆనించి, మెల్లగా, రేకు మీద గీత గీసినట్టు, వెనక్కి జరిపాడు. మూడు, రెండున్నర, రెండు. ఒకటి దగ్గర ఆపాడు.

"ఇంత," అన్నాడు.

అవతలివాళ్ళకి అది ఏమిటో తెలియలేదు. తర్వాతి ప్రశ్న అడిగారు. ఆయన స్కేలుని చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

ప్రమాదం సంగతి తక్కువ చేసి రాశాడని ఆయన్ని పనిలోంచి తీసేశారు. పన్నెండో రోజున వీసా రద్దుచేసి పంపేశారు. క్యాంపులో ఆయనతో మాట్లాడటం మానేసినవాళ్ళు చాలామంది. తనవాళ్ళ చేతికి పట్టకార్లు ఇచ్చుకుని, పొద్దున జట్టు చేతులు పోతే పోనీ అనుకున్నాడని కథ అల్లారు. ఆ కథని నా ముందే చెప్పుకున్నారు. నేను టీ తాగుతూ విన్నాను. ఆయన వెళ్ళేరోజు క్యాంపు గేటు దాకా వెళ్ళాను. తాడుతో కట్టిన అట్టపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. చంకలో నైఫ్ గడియారం. నన్ను చూసి తిడతాడనుకున్నాను.

"ఇంట్లోవాళ్ళు ఎప్పుడొస్తాండారు?" అని అడిగాడు.

"వచ్చేనెల మామూ."

తల ఊపాడు. అంతే. బస్సొచ్చింది. ఆ రోజు ఆలస్యం కాలేదు.

మా ఆవిడ వచ్చింది. షార్జా రోలాలో ఇంకో కుటుంబంతో కలిసి ఒక ఫ్లాటు పంచుకున్నాం. మా పెద్దమ్మాయి అక్కడే పుట్టింది. ముదీర్ నాకు రెండుసార్లు జీతం పెంచాడు. రెండువేల ఎనిమిది ఆఖర్లో పనులు ఆగిపోయి ఫ్యాక్టరీ మూతపడే స్థితికొస్తే అందరితో పాటు నేనూ తిరిగొచ్చేశాను. ఇప్పుడు గుంటూరులో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాని.

ఆదివారం ఆ వార్త చూశాక గంటకి గ్రూపులో రాశాను. మామూ రాసింది ఆఫెన్ అని. మిషను ఆపమని కూడా రాశాడు. ఆఫెన్‌ని రేర్లీ చేసింది నేను, ఆపమన్న మాట తీసేసింది నేను, విచారణలో అబద్ధం చెప్పింది నేను. నా పూర్తి పేరు, అప్పటి ఉద్యోగం రాశాను, ఎవరికీ అనుమానం లేకుండా. ఎక్కువమంది చదివినట్టు గుర్తులు పడ్డాయి. ఒక్క దణ్ణం కూడా రాలేదు.

సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"గంగారాం మాట్లాడుతున్న. మెట్‌పల్లి."

ఆ గ్రూపులో అతనూ ఉన్నాడని నాకు తెలియదు. ఏడేళ్ళ నుంచి ఉన్నాడట, ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఊళ్ళో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఎడంచేత్తో తూకం వేస్తాడట. ఈ వివరాలన్నీ అతనే మెల్లగా చెప్పాడు. కోపంగా మాట్లాడితే బాగుండుననిపించింది.

"ఆ ముసలాయన దవాఖానకు మూడుసార్లు వచ్చిండు సార్," అన్నాడు. "పన్నెండురోజులల్ల మూడుసార్లు. మంచం పక్కన నిలబడి ఒక్కటే మాట. నేను సరిగ్గ రాసిన అప్పా, లెక్కబెట్టి రాసిన అప్పా అని. నేను గోడ దిక్కు తిరిగిన. మూడోసారి, ఈయనను పంపించెయ్యమ్మా అని నర్సమ్మకు చెప్పిన. ఆమె మీ దిక్కు మనిషే, భీమవరం. చెయ్యి పట్టుకుని బయటకు తీస్కపోయింది. ఒక స్కేలు చూపియ్యబోయిండు. నేను చూడలే."

తప్పయిందని అన్నాననుకుంటాను. అతను దాన్ని పట్టించుకోలేదు.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు సార్. ఇన్నేండ్లల్ల మేమిద్దరం నీకు యాదికొచ్చినమా? ఎన్నిసార్లు?"

ఎప్పుడూ అని నోటిదాకా వచ్చింది. ఇలాంటప్పుడు అందరూ చెప్పే మాట అదే. నిద్ర పట్టలేదని, రోజూ గుర్తొచ్చారని. అవతల అతను ఆగి ఉన్నాడు. బల్ల మీద ఆఫీసు ప్లాస్టిక్ స్కేలు ఉంది. నా బొటనవేలు దాని మీదికి ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. మా అమ్మాయి పుట్టినరోజులు గుర్తొచ్చాయి, రోలాలో శుక్రవారం బిర్యానీలు గుర్తొచ్చాయి, బాగా నిద్రపోయిన ఏళ్ళకేళ్ళు గుర్తొచ్చాయి. స్టేషనరీ కొట్లో స్టీలు స్కేలు చూసినప్పుడొకసారి. ఒకాయన నల్లగోరు చూసినప్పుడింకోసారి. వేలు వెనక్కి, వెనక్కి జరిగి ఆగింది.

"రేర్లీ," అన్నాను.

ఆ మాటకి అర్థం అతను ఈసారి నన్ను అడగలేదు.

"పండుగకో పబ్బానికో," అన్నాడు గంగారాం, నాకు అప్పజెబుతున్నట్టు. కొట్లో ఎవరో ఏదో అడిగితే, వస్తున్న, అని వాళ్ళకి చెప్పి ఫోను పెట్టేశాడు.